సర్టిఫికెట్ ఉన్న పొగ

మోటారు పొగను తిట్టేవాళ్లంతా అజ్ఞానులని నా గట్టి అభిప్రాయం. ఆ పొగ మన ప్రాంతానికి చేసిన మేలు ఏ పథకమూ చేయలేదు!

నమ్మరా? ధర్మవరంలో నిలబడి చూడండి. బత్తలపల్లి బస్సు వస్తున్న సంగతి రెండు మైళ్ల దూరం నుంచే తెలుస్తుంది. ఆకాశంలో నల్లటి మబ్బు లేవగానే చుట్ట ఆర్పేసి మూట నెత్తికెత్తుకోవచ్చు. ఇక టైంటేబులు ఎందుకు, గడియారం ఎందుకు? జుట్టు నెరిసినవాడు హిందూపురంలో బస్సెక్కి పెనుకొండలో దిగితే పెళ్లికొడుకులా ఉంటాడు. అంత నలుపు ఏ దుకాణంలో దొరుకుతుంది? వానల సంగతంటారా, మన మీదికి వచ్చే మేఘాలన్నీ బస్సులు పంపేవే!

ఇంత మహిమ గల పొగను ఎవరు పడితే వాళ్లు వదలడానికి వీల్లేదు. దానికి కూడా అర్హత ఉండాలి. ఈ సత్యం హిందూపురం మెకానిక్ షంషుద్దీన్‌కు ఆలస్యంగా తెలిసింది.

షంషుద్దీన్ జట్కా చక్రాలకు కమ్ములు వేసే తండ్రికి పుట్టి, మోటారు పని నేర్చి, ‘షంషుద్దీన్ మోటార్ వర్క్స్’ అని నీలం అక్షరాల బోర్డు కట్టుకొని పద్దెనిమిదేళ్లు పరువుగా బతికినవాడు. పందొమ్మిది వందల అరవై రెండులో ధర్మవరం పట్టుచీరల వ్యాపారి గంగాధరప్ప ఒక పాత స్పోర్ట్సు కారు కొని ఈయన నెత్తిన పెట్టాడు.

అది దేశం విడిచిపోతూ ఒక దొర బెంగుళూరులో వదిలించుకున్న ఇంగ్లాండు కారు. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. అందులోకి ఎక్కడమంటూ ఉండదు, దిగడమే. చీరల మూట ఒక్కటి కూడా పట్టని కారు వ్యాపారికెందుకని అడక్కండి. మోజుకు లెక్కలుండవు. కారు ఇంటికి వచ్చిన రోజే షంషుద్దీన్‌ను పిలిపించి ఆయిలు పోయించాడు.

మైసూరు నంబరు తీసి ఆంధ్రా నంబరు వేయాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి పాస్ చేయాలి. ఆయన నెలకొకసారి పెనుకొండలో క్యాంపు పెడతాడు. కారు వెనక గొట్టం దగ్గర తన తెల్ల చేతిరుమాలు పట్టుకుంటాడు. రుమాలు మసిబారితే బండి ఫెయిలు. ఇంతటి సైన్సు మన పెనుకొండలో ఉండగా, అమెరికా రష్యాలు అంతరిక్షంలోకి పోయామని మిడిసిపడుతున్నాయి!

మొదటి నెల రుమాలు మసిబారింది. కారు హిందూపురం వచ్చింది. షంషుద్దీన్ చూస్తే పొగ నీలంగా ఉంది. పెట్రోలు ఎక్కువైతే నల్ల పొగ, ఇంజన్లో ఆయిలు కాలితే నీలం పొగ. రింగులు అరిగాయని తేల్చి కొత్తవి వేశాడు. తన సొంత రుమాలు పట్టి చూస్తే మడత తీసినట్టే ఉంది. కారు ధర్మవరం పోయింది. మర్నాడు పెనుకొండలో, రెండో నెల క్యాంపులో, మళ్లీ పొగ!

ఈసారి వాల్వులు విప్పాడు. కార్బురేటరూ విప్పాడు. మూడో నెలా అంతే. హిందూపురంలో ప్రతిసారీ తెలుపే, పెనుకొండలో ప్రతిసారీ మసే.

రోగం ముదిరితే ఊరంతా వైద్యులే కదా! పెనుకొండ కొండగాలి తగిలి ఇంజనుకు జలుబు చేసిందన్నారు కొందరు. నిమ్మకాయలు తొక్కించకుండా ఊళ్లోకి తెచ్చారని హోటలు తిమ్మరాజు తీర్పు చెప్పాడు. పొగలో వచ్చే వింత వాసన గురించి అడిగితే గంగాధరప్ప మీసం దువ్వాడు.

“అది ఇంగ్లీషు వాసనప్పా. మన బండ్లకు యాడ వస్తాది?”

మూడోసారి ఫెయిలైన రోజు ఇన్‌స్పెక్టరు పదిమందిలో నవ్వాడు. “ఏమయ్యా షంషుద్దీన్, పనికంటే నీ బోర్డే పెద్దదిగా ఉన్నట్టుందే!”

షంషుద్దీన్‌కు తల కొట్టేసినట్టయింది. “సార్, వచ్చే నెల ఈ బండికి పొగ ఉండాదని మీరు రాస్తే, నా బోర్డు నేనే దించుకుంటా” అనేశాడు. విన్నవాళ్లు ఆ మాటను హిందూపురం దాకా మోశారు.

నాలుగో నెల ఇంజను మళ్లీ విప్పి బిగించి, కారుతో పాటే ధర్మవరం వెళ్లాడు. గంగాధరప్ప ఇంటి వసారాలో కారు పక్కనే చాప వేసుకున్నాడు. తెల్లవారేసరికి గంగాధరప్ప తల్లి ఓబులమ్మ తలస్నానం చేసి, ఒక చేత సాంబ్రాణి, ఒక చేత ఆముదం చెంబుతో వచ్చింది. కారు చుట్టూ పొగ వేసి దండం పెట్టుకుంది. ఆ తర్వాత బానెట్టు ఎత్తి, ఆయిలు పోసే మూత తీసి చెంబు వంచింది.

షంషుద్దీన్ ఎగిరి లేచాడు. “అవ్వా! ఏం జేస్తాండావు?”

“నూనె పోస్తాండా నాయనా. ఈ కారొచ్చిన దినం నువ్వు పోసిన బొక్కలోనే పోస్తాండాలే, భయపడొద్దు.”

“ఎందుకవ్వా?”

“అదేం మాటబ్బా! మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే దినం నూనె పెట్టకుండా, సాంబ్రాణి వెయ్యకుండా పని మొదలుపెడతామా? ఇది సర్కారోళ్ల ముందరికి పోతాండాది. ఎండిన గొంతుతో పంపేదెట్లా?”

“పోయిన మూడు తూర్లూ పోసినావా?”

“చెంబుకు తక్కువ యాపొద్దూ పోయలేదు.”

షంషుద్దీన్ నెత్తి కొట్టుకున్నాడు. ఆయిలు ఎక్కువైతే అది పైకెక్కి కాలుతుందని తెలియనివాడా ఆయన? ఇంజను విప్పిన ప్రతిసారీ పాత ఆయిలు పారబోశాడే గాని, ఎంత ఉందో ఒక్కసారి కూడా కొలవలేదు. పద్దెనిమిదేళ్ల అనుభవం ఒక చెంబు ముందు చిత్తయింది. అయినా ఆ పొద్దు ఆయనకు కలిగినంత సంతోషం మరెవరికీ కలిగి ఉండదు. ఇంజను ఖాళీ చేసి, కడిగి, కొలిచి కొత్త ఆయిలు పోశాడు. తన ఆముదం చేసిన పాపమేమిటో కళ్లారా చూడాలని ఓబులమ్మ కూడా కారులోకి దిగింది. సీట్లు రెండే కాబట్టి సొంతదారు గంగాధరప్ప బస్సెక్కాడు.

పెనుకొండలో ఇన్‌స్పెక్టరూ ఆ బస్సులోంచే దిగాడు. మొహాన్ని బట్టి ఎవరు గంగాధరప్పో ఎవరు ఇన్‌స్పెక్టరో చెప్పడం కష్టమైంది. ఇంజను ఆపితే మళ్లీ నెట్టాల్సి వస్తుందని బస్సును గుడగుడలాడిస్తూనే పక్కన నిలిపారు.

ఇన్‌స్పెక్టరు కారు గొట్టం దగ్గర రుమాలు పట్టాడు. యాభై లెక్కపెట్టాడు. రుమాలు తెల్లగా ఉంది! తిప్పి చూశాడు, అటూ తెల్లగానే ఉంది. షంషుద్దీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే బస్సు కదిలింది. కదులుతూ ఒక్క విసురు విసిరింది. కారు, జనం, క్యాంపు బల్ల, కాగితాలు ఏవీ కనబడలేదు. అందరూ దగ్గి తెప్పరిల్లాక చూస్తే, ఇన్‌స్పెక్టరు చేతిలో రుమాలు నల్లగా ఉంది.

“ఏమయ్యా, ఇదేమిటి?”

“అది బస్సు పొగ సార్!”

“నోరు అదుపులో పెట్టుకో! ఆ బస్సుకు సర్టిఫికెట్ ఇచ్చింది నేను. సర్టిఫికెట్ ఉన్న బండికి పొగ ఎలా వస్తుంది? ఇక్కడ సర్టిఫికెట్ లేని బండి ఇదొక్కటే.”

పొగ ఉందని రాశాడు, సంతకం పెట్టాడు, నల్ల రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఓబులమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. “పోసిన మూడు తూర్లూ పొగ అనె. పోయని దినమూ పొగ అనె. ఇంగ నా ఆముదం చేసిన తప్పేముండాదప్పా?”



షంషుద్దీన్ హిందూపురం పోయి, నిచ్చెన వేసుకొని బోర్డు దించాడు. బజారంతా వద్దని చెప్పింది. “పొగ ఉండాదని రాస్తే దించుతా అంటిని. రాసినాడు కదా” అన్నాడు. లేని పొగకు ఉన్న మాట నిలబెట్టుకున్న మనిషి! ఆ బోర్డు ఉన్నంత మేర గోడ తెల్లగా బయటపడింది. చుట్టూ ఉన్న గోడంతా రోడ్డున పోయే బస్సుల పుణ్యమా అని నలుపెక్కింది.

ఇంతకీ నేనూ రోజూ ఆ బస్సులోనే తిరుగుతాను. డ్రైవరు నెత్తిన అద్దాల ఫ్రేములో సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. ఆ సంతకం మీకు చదివి వినిపిద్దామని నిన్న లేచి చూశాను. మసి పట్టి ఒక్క అక్షరమూ కనబడలేదు. తుడుద్దామని జేబులోంచి రుమాలు తీశానో లేదో, కండక్టరు గట్టిగా అరిచాడు.

“సార్, రుమాలు లోపల పెట్టుకోండి! ఈ బండి పాసయింది!”