మలావి వెళ్ళిన తెల్లచీర

విదేశీ సువార్త యాత్రకు వెళ్ళే ఆడవాళ్ళు, ఆ దేశానికి తగని అవయవాలను బయలుదేరే ముందే సంఘం ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోవాలి. రేపల్లె దగ్గరి ఆ సంఘంలో ఇది పాత పద్ధతే. ఇనప బీరువాలో పై అర తలలకు, మధ్య అర నడుములకు, చేతులకు, కింది అర పాదాలకు కేటాయించారు. ఇంతవరకూ ఒకరివి ఒకరికి తారుమారు కాలేదు.

ఈ ఏడు ముగ్గురిని ఆఫ్రికాలోని మలావి పంపాలనుకున్నారు. ఇద్దరు మగవాళ్ళకు బూట్లు తుడుచుకోమని మాత్రం చెప్పారు. మూడో మనిషి నర్సు హెప్సిబా. అక్కడొక సరస్సు పక్క ఊళ్ళో మంత్రసాని చనిపోయిందనీ, కాన్పులు చేయగల చేతులు కావాలనీ ఉత్తరం వస్తే, ఆమె తనంతట తానే పేరిచ్చింది.

తెల్లచీరలు, పొడుగు చేతుల జాకెట్లు, బైబిలు, బొడ్డు కోసే కత్తెర సర్దుకుని కమిటీ ముందుకొచ్చింది. కమిటీ పెద్ద పాస్టరమ్మ మార్తమ్మగారు కత్తెర తీసి పక్కన పెట్టారు.

"నడక జోరెక్కువమ్మాయ్ నీకు. పాదాలు ఇక్కడ పెట్టు."

"కాన్పంటే పరిగెత్తాల గదండీ."

"మిషను యాత్రలో పరుగులేంది? తిరిగొచ్చాక నీయి నీకే ఇస్తాంలే."

పాదాలు ఇచ్చింది. నడుము ఇచ్చేటప్పుడు పెద్ద చర్చేమీ జరగలేదు. చేతుల దగ్గర మాత్రం ఆగింది.

"చేతులన్నా ఉంచండమ్మగారూ. వాళ్ళడిగింది అయ్యేగా."

కార్యదర్శి దేవసహాయం కళ్ళజోడు సర్దుకున్నాడు. "మణికట్టు మీద గాజుల మచ్చుంది. చూసినోళ్ళు మనల్ని ఏమనుకుంటారు?"

"ఇవ్వనంటే?"

"యాత్ర లేదు."

ఏదో ఒకటి అక్కడికి చేరాలి కదా అనుకుంది హెప్సిబా. కుడిచేయి రసీదు మీద సంతకం పెట్టి, బీరువాలో ఎడమచేతి పక్కకు వెళ్ళి పడుకుంది. ప్రశ్నలెక్కువని చివరికి తలనూ తీసుకున్నారు. మిగిలిన తెల్లచీర కుచ్చిళ్ళు చెదరకుండా నిటారుగా నిలబడింది. విమానాశ్రయంలో ఎవరూ ఆపలేదు.

వెళ్ళిన మూడో ఆదివారం ఆరాధనలో ఫొటో చూపించారు. రంగురంగుల గుడ్డలు చుట్టుకున్న నిండు చూలాళ్ళ మధ్య తెల్లచీర నిలబడి ఉంది. "ఎంత పద్ధతిగా ఉందో చూడవే!" అని తల్లులు కూతుళ్ళను మోచేత్తో పొడిచారు. ఫొటోతో పాటు ఆ సరస్సు ఊరినుంచి వచ్చిన ఉత్తరంలో కార్యదర్శి మొదటి రెండు వాక్యాలు చదివాడు: "చీర క్షేమంగా చేరింది. చాలా మర్యాదగా ఉంది." మూడో వాక్యం: "ఈ వారం ఇద్దరు తల్లులు పోయారు, చేతులు ఎప్పుడు పంపుతారు?" అది ఫైలులోకి వెళ్ళింది.

బీరువాలో పాదాలు ఆగకుండా తిరుగుతున్నాయనీ, చేతులు తలుపు తడుతున్నాయనీ వాచ్‌మన్ ఫిర్యాదు చేశాడు. అరల్లో గోనెపట్టాలు పరవమన్నారు మార్తమ్మగారు. చప్పుడు తగ్గింది.

వచ్చే ఏటి యాత్రకు అప్పుడే నలుగురు అమ్మాయిలు పేర్లిచ్చారు. ఆదివారం బడిలో వాళ్ళు ఇప్పటినుంచే చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంటున్నారు. అలవాటైతే ఇచ్చేటప్పుడు నొప్పి తెలియదట.