ఇరవై తొమ్మిదో వారం నీటిమట్టం

ఆ సోమవారం పొద్దున గేజి గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి లేవడం, భార్య వేలు గుచ్చి మీటరులో షుగరు చూడడం, ఆ అంకె నోటుబుక్కులో రాయడం, తర్వాత ఆవిడ పొట్ట కొలిచి అదీ రాయడం, ఎనిమిదిన్నరకి ఆఫీసు బస్సు ఎక్కడం. వీటిలో మొదటి మూడూ డాక్టరమ్మ చెప్పినవి. పొట్ట కొలవడం మాత్రం ఆయన సొంత బుర్రలో పుట్టింది. ఆ ఇంట్లో కొంప ముంచే ఆలోచనలన్నీ అక్కడే పుడుతుంటాయి.

ఆయన పనిచేసేది ఊరికి మంచినీళ్ళిచ్చే జలాశయం మీద. నీళ్ళలో నిలబెట్టిన పొడుగాటి కొలబద్ద మీద నీరు ఏ అంకె దగ్గర ఉందో చూసి రిజిస్టరులో ఎక్కించడం ఉద్యోగం. నీరు ఎర్రగీత దాటితే ఇంజనీరుకు ఫోను చేయాలి. పదహారేళ్ళుగా ఒక్క అంకె తప్పు రాయలేదు. ఆ కొలబద్ద అడుగు ఎలా ఉంటుందో మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు, అది నీళ్ళలో ఉంటుంది కాబట్టి. పైన కనిపించే అంకెతోనే జీతం వచ్చేది. అడుగు సంగతి ఆయనను ఎవరూ అడగలేదు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు భార్య కడుపుతో ఉంది. ఆరో నెల దాటాక పరీక్షలో షుగరు బయటపడింది. "కడుపుతో ఉన్నప్పుడు కొంతమందికి వస్తుంది. కాన్పయ్యాక చాలామందికి పోతుంది కూడా. కానీ ఇప్పుడు అదుపులో లేకపోతే బిడ్డ మరీ పెద్దదైపోయి కాన్పు కష్టమవుతుంది," అంది డాక్టరమ్మ. ఏ పూట ఎంత తినాలో అచ్చేసిన కాగితం ఒకటి చేతికిచ్చి, "తిండి మానేయమని కాదు, సరిగ్గా తినమని," అని రెండుసార్లు చెప్పింది. ఆ రెండుసార్లూ గేజి గుమస్తా గోడ మీది పటంలో బిడ్డ తల ఎటు ఉందో వెతుక్కుంటున్నాడు. నర్సు టేపుతో పొట్ట కొలిచి, "ఇరవై ఎనిమిదో వారానికి ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. ఇకనుంచి వారానికొక సెంటీమీటరు, రెండు అటూ ఇటూ," అన్నప్పుడు మాత్రం ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇది తన శాఖ.

భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మంచి టేపు ఎప్పుడూ ఆవిడ మెడలో ఉంటుంది. దాన్ని అడిగితే పని ఆగుతుందని, ఆయన మిషను డ్రాయరులోంచి పాతది ఒకటి తీసుకున్నాడు. పసుపు రంగు పోయి తెల్లబడిన టేపు, కొసకు నీలం గుడ్డ మడిచి చక్కగా కుట్టి ఉంది. గుడ్డ కొసను పొట్ట కింద ఆనించి, పైకి లాగి, పైనున్న అంకె చూశాడు.

ముప్పై రెండు.

మళ్ళీ కొలిచాడు. ముప్పై రెండే. వారం కింద ఇరవై ఎనిమిది ఉన్నది ఇప్పుడు ముప్పై రెండు.

"ఎంతుందండీ?" అంది భార్య, కళ్ళు మూసుకునే.

"బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"అంకెలతో నీకేం పని? లేచి మొహం కడుక్కో."

నోటుబుక్కులో ముప్పై ఒకటి దగ్గర ముందే ఎర్రగీత గీసి పెట్టుకున్నాడు. కొలత మొదలుపెట్టిన రోజే మట్టం గీత దాటింది. వరదొచ్చినప్పుడు ఊరిని భయపెట్టకూడదు, ముందు ఇన్‌ఫ్లో తగ్గించాలి. ఇది ఆయన ఆఫీసులో గోడ మీద రాసి ఉంటుంది. అందుకని అచ్చు కాగితం ఆయన సంచిలోకి వెళ్ళింది. అన్నం కప్పు అరకప్పు అయింది. మధ్యమధ్య తినమన్నవన్నీ రద్దయ్యాయి.

"పదకొండింటికి ఒక పండు, గుప్పెడు పల్లీలు తినమన్నారు కదండీ?"

"ఆ కాగితం పాతది. డాక్టరమ్మతో మాట్లాడానులే."

మాట్లాడలేదు. ఫోను చేసిన మాట నిజమే. లైనులో ఉండమన్నారు, పాట వినిపించారు, పాట సగంలో ఉండగా బస్సు వచ్చింది.

ఈ భారం ఒక్కడే మోయలేక సాయంత్రం ఫోనులో తల్లి చెవిన వేశాడు. "బిడ్డ ఉండాల్సినదానికన్నా పెరిగిపోతోందమ్మా. తనకి మాత్రం చెప్పకు," అన్నాడు. మర్నాడు పొద్దున్న ఆయన బస్సెక్కకముందే ఆవిడ రెండు సంచులతో దిగింది. బిడ్డ పెరిగిపోతోందంటే కోడలు చాటుగా తింటోందనే ఆవిడకు అర్థమైంది. చేతులు కడుక్కోకముందే వంటగది డబ్బాలు తీసి చూసింది. ఆ తర్వాత మిషను డ్రాయరు లాగింది. దారపు కండెల వెనక బిస్కెట్ల ప్యాకెట్టు దొరికింది.

"ఇదేంటమ్మాయ్?"

"కళ్ళు తిరిగితే తినమని నర్సు చెప్పింది, అత్తయ్యా. నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండానే చిరిగిందా?"

చించింది కొడుకు. టేపు కోసం వెతికినప్పుడు దొరికితే రెండు తిన్నాడు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఆ సంగతి చెబుదామనే నోరు తెరిచాడు. తల్లి మొహం చూసి మూసేశాడు. ఇలాంటి మనుషులకు పిరికితనం కూడా చాలా శాంతంగా వస్తుంది.

భార్య పుట్టబోయే బిడ్డకు ఒక గౌను కుడుతోంది. "కాస్త పెద్దగా కుట్టు," అన్నాడు ఆయన, ఆ సాయంత్రం, మాటవరసకన్నట్టు. ఆవిడ మిషను ఆపి ఆయన మొహంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి అవతలి గోడను పరిశీలిస్తున్నాడు. తన దగ్గర ఏదో దాస్తున్నారని ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది. డాక్టరమ్మ ఆయనకేదో చెప్పి ఉంటుంది. అడిగితే వినాల్సి వస్తుందని అడగలేదు. గౌను కుట్లు విప్పి పెద్దది చేసింది. వారం తర్వాత ఆయన మళ్ళీ అదే మాట అంటే మళ్ళీ విప్పింది. మూడో వారానికి అది ఏడాది పిల్లకు సరిపోయేలా తయారైంది.

తన ఒంట్లో రక్తమే బిడ్డకు చెరుపు చేస్తోందని ఆవిడ మనసులో స్థిరపడిపోయింది. ఆకలేసిన ప్రతిసారీ తప్పు చేసినట్టు సిగ్గుపడింది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసి కడుపులోకి తెచ్చుకున్న బిడ్డను తానే పాడుచేస్తున్నానని మిషను చప్పుడులో ఏడ్చుకుంది. చప్పుడు ఆగితే ఏడుపు వినిపిస్తుందని తొక్కుతూనే ఉంది. ఒకరోజు కళ్ళు బైర్లు కమ్మి పదకొండు చొక్కాల చేతుల చివర్లు మూసేసి కుట్టింది. స్కూలువాళ్ళు వాటిని తిప్పి పంపించారు.

ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో తిండి ఇలా నడిచింది. భర్త కప్పును సగం చేసేవాడు. ఆయన బస్సెక్కగానే అత్తగారు, కొడుకుది మెత్తని మనసని, ఆ సగంలోంచి ఒక గరిటె వెనక్కి తీసేది. మిగిలినదాంట్లో కోడలు సగం తిని సగం వదిలేసేది. ఎవరి త్యాగం వాళ్ళు రెండోవాళ్ళకు తెలియకుండా చేశారు. ప్రేమ విషయంలో ఆ ముగ్గురికీ వంక పెట్టలేం.

ఫలితాలు కూడా వచ్చాయి. ముప్పై రెండున్న అంకె ముప్పై మూడుకు వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. పొద్దున్నే షుగరు డెబ్భై, అరవై ఆరు, అరవై రెండు. గేజి గుమస్తా వాటిని ఆకుపచ్చ పెన్నుతో రాసి, పక్కన 'వరద తగ్గుముఖం' అని కూడా రాసుకున్నాడు.

"ఏమండీ, బిడ్డ ఇదివరకటంత కదలడం లేదేమో అనిపిస్తోంది," అంది భార్య ఒక ఆదివారం.

"పెద్ద బిడ్డ కదమ్మా, తిరగడానికి చోటుండొద్దూ?" అంది అత్తగారు, ఓదార్పుగానే. కొడుకు చెప్పొద్దన్న మాట నోట్లోంచి జారిపోయిందని ఆవిడకు తట్టలేదు. కోడలు ఆ రోజు నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు.

మర్నాడు ముప్పై రెండో వారం స్కానింగు. ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. గేజి గుమస్తా ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, మెచ్చుకోలుకు సిద్ధంగా కూర్చున్నాడు. లోపల నర్సు బరువు చూసి, మళ్ళీ ఎక్కమంది. మూడు కేజీలు తగ్గింది. పొట్ట కొలిచి, ఇంకోసారి కొలిచింది. స్కానింగు కాగితం, మూత్రపరీక్ష కాగితం పక్కపక్కన పెట్టుకుని డాక్టరమ్మ రెండూ మార్చి మార్చి చదివింది.

"బిడ్డ మరీ పెద్దదైపోయిందా డాక్టరుగారూ?" అంది భార్య. ఆ ప్రశ్న అడగడానికి ఆవిడకు మూడు వారాలు పట్టింది.

"పెద్దదా? ఈపాటికి కేజీ ఎనిమిది వందలైనా ఉండాలి. కేజీన్నర కూడా లేదు. మీరేమో ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతున్నారు. అసలు ఏమైనా తింటున్నారా?"

"ఏదో పొరపాటు జరిగింది డాక్టరుగారూ," అని గేజి గుమస్తా నోటుబుక్కు తెరిచాడు. "పొట్ట ముప్పై మూడు ఉండాలి. పొద్దున్న కూడా చూశాను."

"ముప్పై ఉంది. ఎవరు కొలిచారు?"

"నేనే. ఈ పనిలో నాకు పదహారేళ్ళ అనుభవం."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. ఆయన సంచిలోంచి టేపు తీసి ఇచ్చాడు. మంచం మీద పడుకున్న భార్య మోచేతి మీద లేచింది.

"అది నా డ్రాయరులోది కదూ?"

"అవును. నీ పని ఆగకూడదని పాతది తీశాను."

"దాని కొస చిరిగిపోతే మూడు సెంటీమీటర్లు కత్తిరించేసి గుడ్డ వేసి కుట్టానండీ. దాంతో ఏది కొలిచినా మూడు తీసేయాలి. రెండేళ్ళయింది."

డాక్టరమ్మ నీలం గుడ్డను గోటితో పైకెత్తింది. కింద మొదటి అంకె నాలుగు.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు ఆయన.

"మీరు అంకె చెప్పలేదేం?" అంది ఆవిడ.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను రోజూ ఒక గరిటె తీసేశానమ్మా," అంది డాక్టరమ్మతో, కోడలి వైపు చూడలేక. "నేనూ సగం వదిలేసేదాన్ని," అంది కోడలు. గేజి గుమస్తా వేళ్ళ మీద లెక్కేశాడు. అరకప్పులో గరిటె పోయి, మిగిలినదాంట్లో సగం.

"ఇప్పుడు ఏం చేయాలి?" అన్నాడు.

"ఇక్కడే చేర్చుకుంటాం. రోజూ చూస్తూ ఉంటాం. కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. ఇప్పుడే ఏం చెప్పలేను," అంది డాక్టరమ్మ. ఆయన ఏడవడం భార్య చూడడం అదే మొదటిసారి. ఓదార్చాలని ఆవిడకు అనిపించలేదు. అనిపించాల్సిన అవసరమూ లేదు.

"నాకు ఆకలేస్తోంది," అంది ఆవిడ, గదిలో ఎవరితోనని కాకుండా.

అత్తగారు పరుగెత్తుకెళ్ళి క్యాంటీను నుంచి ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు తెచ్చింది. పెంకు వలుస్తుంటే తొందరలో సగం గుడ్డు పెంకుతోనే పోయింది. ఇంకోటి వలిచింది. కోడలు మొత్తం తిన్నది. అరగంటకు బిడ్డ ఒకసారి తన్నింది. ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంది.

ఆరు వారాల తర్వాత ఆడపిల్ల పుట్టింది. రెండు కేజీల మూడు వందలు. చార్టులో అట్టడుగు గీతకు వెంట్రుకవాసి పైన. గౌను తొడిగితే పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నర్సు పొడవు కొలవడానికి టేపు తీయగానే తండ్రి అడ్డం వచ్చి, ముందు దాని మొదలు చూపించమన్నాడు.