మా ఆవిడ చెప్పిన మూడో పని

ఊళ్ళో ఎవరి కుట్టుమిషను మొరాయించినా నా దగ్గరికే తెస్తారు. ముప్పై ఏళ్ళ నాటి మిషను కూడా నా చెయ్యి పడితే చెప్పిన మాట వింటుంది. గొప్పకి చెబుతున్నాననుకునేరు. గొప్పకే చెబుతున్నాను.

ఇంట్లో మాత్రం నా కీర్తి చెప్పులతోపాటు గుమ్మం బయటే ఆగిపోతుంది. ఆరు నెలల క్రితం మా ఆవిడ మూడు పనులు చెప్పింది. ఊగుతున్న భోజనాల బల్ల కాలు సరిచెయ్యమంది. కారుతున్న వంటింటి కుళాయి సంగతి చూడమంది. మూడోది కూడా ఏదో చెప్పింది. నేను పేపరు చదువుతూ మూడింటికీ కలిపి "రేపు" అన్నాను.

ఆ రేపు రానేలేదు. ఇంతలో ఒక బుధవారం మా అత్తగారు వస్తున్నారని కబురొచ్చింది. బల్ల ఊగితే ఆవిడ నోరు ఊరుకోదు. కాలు విప్పి బిగించాలంటే గంట పడుతుంది, కింద ఏదైనా దోపడానికి క్షణం చాలు. బల్ల మీదే టవల్లో చుట్టిన నల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి కనిపించింది. పాత ఇస్త్రీపెట్టె పిడి అనుకుని కాలి కింద పెట్టాను. అతికినట్టు సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అత్తగారు వచ్చారు. ఆవిడ బరువు నలభై కిలోలు, అందులో కళ్ళజోడే ఒక కిలో ఉంటుంది. మోచేతులు బల్ల మీద ఆనించి, "అల్లుడుగారూ, బల్ల బాగుచేశారే!" అన్నారో లేదో, కింద టప్పుమంది. బల్ల మళ్ళీ ఊగింది.

"చేశాననే అనుకున్నానండీ" అన్నాను.

సాయంత్రం మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి టవల్ దులిపింది.

"ఏమండీ, ఇందులో నా గ్రిప్పు ఉండాలి, చూశారా?"

"గ్రిప్పంటే?"

"నా పిస్టల్ పిడికి బిగించే ప్లాస్టిక్ ముక్క."

బల్ల కింద విరిగి పడున్న ముక్కల్ని కాలితో లోపలికి నెట్టాను. మీకో సంగతి చెప్పాలి. మా ఆవిడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆదివారాలు మాత్రం షూటింగ్ క్లబ్బులో గురిచూసి కాలుస్తుంది. పిస్టల్ క్లబ్బులోనే తాళం వేసి ఉంటుంది. తన చేతికి తగ్గట్టు అరగదీసుకున్న గ్రిప్పును మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకుంటుంది. నాలుగేళ్ళుగా ఓడిపోతూ ఈసారే ఫైనల్సుకి చేరింది. పోటీ వచ్చే ఆదివారమే.

అది సెమీ ఆటోమేటిక్ పిస్టల్. అంటే ఏమిటని ఓసారి అడిగాను. "తూటా దానంతటదే ఎక్కుతుంది, కానీ ప్రతిసారీ ఎవరో ఒకరు నొక్కాలి. అచ్చం మీలాగే" అంది.

"భద్రంగా బీరువాలో దాచాను. శనివారం ఇస్తాలే" అన్నాను.

"అలాగే" అంది.

నా మాటకి ఆవిడ ఒక్కసారికే 'అలాగే' అనడం పెళ్ళయ్యాక అదే మొదలు. అక్కడే అనుమానించాల్సింది. ఆ రాత్రి బల్ల కింద నుంచి ఏరిన ముక్కల అంచున ఎండిన జిగురు మెరుస్తోంది కూడా. కంగారులో అదీ పట్టించుకోలేదు.

మర్నాడు తుపాకుల కొట్టు తాతయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆయన నుగ్గయిన ముక్కలు చూసి పెదవి విరిచాడు.

"కొత్త గ్రిప్పు దొరుకుతుంది బాబూ, ఆ చెయ్యి దొరకదు. ఆవిడ వేళ్ళకి తగ్గట్టు నువ్వే అరగదీయాలి. రెండు తీసుకెళ్ళు."

"రెండెందుకు?"

"మొదటిది పాడుచెయ్యడానికి."

ఇప్పుడు మా ఆవిడ చేతి అచ్చు కావాలి. గోడలకి పూసే పుట్టీ ముద్ద చేసి పట్టుకెళ్ళాను.

"ఇది కాస్త గట్టిగా పిసుకు. గోడ చిల్లు పూడ్చాలి."

"మీ చేతులకేమైంది?"

"నీకున్న పట్టు నాకు లేదు."

"ఆ సంగతి మా అమ్మక్కూడా తెలుసు" అంటూ పట్టుకుంది. నాలుగు వేళ్ళూ ముద్దలో దిగాయి. చూపుడు వేలు మాత్రం పిస్టల్ పట్టుకున్నట్టు విడిగా, తిన్నగా చాచింది. అదీ పట్టించుకోలేదు.

"ఏ గోడకి అల్లుడుగారూ చిల్లు?" అన్నారు అత్తగారు.

ఏ గోడకీ లేదు. అబద్ధం నిలబెట్టుకోవడానికి వంటింటి గోడకి మేకు కొట్టాను. లోపల నీళ్ళ గొట్టం ఉందని మేకుకి తెలిసినంత నాకు తెలియలేదు. అత్తగారు నిలువునా తడిశారు. గొట్టం మార్చి, మేకు కాస్త పక్కకి జరిపి కొట్టాను. ఎలాగూ విప్పాను కదా అని కుళాయి కూడా మార్చాను.

శుక్రవారం ఇంట్లోనే ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. బల్ల ఊగింది, మొదటి గ్రిప్పు గాడి తప్పింది. తాతయ్య మాట నిజమైంది. తిట్టుకుంటూ బల్ల కాలు విప్పి బిగించాకే రెండోది మొదలుపెట్టాను. సాయంత్రానికి పుట్టీ అచ్చులోని ప్రతి పల్లమూ గ్రిప్పులోకి వచ్చింది. మా ఆవిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"మీసానికి రంగేశారా?"

చూసుకుంటే మొహం నిండా నల్ల పొడి. "వయసు వెనక్కి వెళుతోంది" అన్నాను.

"బుద్ధి కూడా వెళ్ళకుండా చూసుకోండి."

శనివారం బీరువాలోంచి తీసినట్టు నటించి గ్రిప్పు ఇచ్చాను. ఆదివారం మొదటిసారి పోటీ చూడ్డానికి వెళ్ళాను. పరికరాలు తనిఖీ చేసే అధికారి మా ఆవిడ పిస్టల్ తీసుకుని గ్రిప్పుని వేలితో తడిమాడు. నేను మెడ చాచి చూశాను.

"ఇది ఎవరు చేశారు?"

"మా ఆయన" అంది మా ఆవిడ, తల తిప్పకుండా.

"మంచి పనివాడు" అని ముద్ర వేశాడు.

ఆ రోజు ఆవిడ చెయ్యి కదలలేదు. ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానం. మెడలో పతకంతో వచ్చి, పదిమందిలో నా చెయ్యి పట్టుకుని, "గ్రిప్పు ఈయనదే" అని అందరికీ చూపించింది. నా ముప్పై ఏళ్ళ పనితనం ఒకవైపు, ఆ రెండు మాటలు ఒకవైపు. గర్వంతో చొక్కా గుండీలు బిగుసుకున్నాయి.

దారిలో మెల్లగా అడిగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"అది విరిగి ఆరు నెలలైంది. జిగురుతో నెట్టుకొస్తున్నాను. మూడో పని అదేనండీ. రేపన్నారు. ఫైనల్సు వచ్చేశాయి, అందుకే మీకు అందేలా బల్ల మీద పెట్టాను."

"నేను బల్ల కింద పెడతానని ఎలా తెలుసు?"

"ఎలా విరుస్తారో తెలీదు. విరుస్తారని తెలుసు. మీవల్ల విరిగిందనుకుంటే తప్ప మీరు కదలరనీ తెలుసు. అంత బాగా చేస్తారని కూడా తెలుసు. బల్లా కుళాయీ నేననుకోలేదు, అవి మీ గొప్పతనం."

ఇంటికొచ్చేసరికి ఊగని బల్ల మీద టవల్లో ఏదో చుట్టి ఉంది. పక్కనే అత్తగారు కళ్ళజోడు లేకుండా కూర్చుని, ఎటో చూస్తున్నారు.

నేను టవల్ ముట్టుకోలేదు. తిన్నగా వెళ్ళి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చుకుని, "కళ్ళజోడుకి ఏ కాడ వదులైందండీ?" అన్నాను.

"అమ్మా, చూశావా?" అంది మా ఆవిడ పతకం వంటింటి గోడకి తగిలిస్తూ. "నొక్కకుండానే కదిలారు!"

ఆ పతకం వేలాడుతున్నది, నేను కొట్టిన మేకుకే.