ధర్మారావు అంబాసిడరూ, ఒంటి తుమ్మూ

మాఘ పౌర్ణమినాడు తెల్లవారుజామునే లేచి, భార్యను తన పాత అంబాసిడర్‌లో హంసలదీవి తీసుకెళ్ళి, సాగర సంగమంలో స్నానం చేయించి, ఎండెక్కేలోపు తిరిగి బందరు చేర్చాలని ధర్మారావు ప్లాను. చిన్న ప్లానే గానీ కారు బతుకంతా దానిమీదే ఆధారపడి ఉంది. దాన్ని అమ్మేయమని సులోచన ఏడాదిగా పోరుతోంది. ఆవిడ తమ్ముడు కోటిలింగం కొత్త మారుతి కొన్నప్పటినుంచీ పోరు రెట్టింపయింది. చివరికి ధర్మారావు ఇద్దరి ముందూ మాట జారాడు. పున్నమినాడు సులోచనని తన కారులో ఎక్కించుకుని ప్రయాణం చేయించలేకపోతే, కోటిలింగం తెచ్చిన బేరానికే తాళాలిచ్చేస్తానన్నాడు. కారంటే అతనికి ప్రాణం. సిగ్గుకొద్దీ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ ఉదయం గొడుగుపేటలో మంచు దట్టంగా పట్టింది. చలికి కారు బిగుసుకుపోయింది. ధర్మారావు ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొట్టగా కొట్టగా, ఇంజను దగ్గి, నల్లటి పొగ వదిలి అందుకుంది. వెనక సీట్లో మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న అతని మేనత్త పాపాయమ్మ ఆ పొగకి గట్టిగా తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

"ఆపండి," అంది సులోచన.

"అత్తయ్య తుమ్మితే కారెందుకే ఆపడం?"

"బయల్దేరుతుంటే ఒంటి తుమ్ము. దిగి, కాసిని మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వెళ్దాం."

రెండు తుమ్ములైతే శుభం, ఒక్కటైతే ఆగాలి. ధర్మారావు ఇలాంటివి నమ్మడు. అయినా ఆపాడు, సులోచన ఎక్కనంటే పందెం అక్కడే పోతుంది గనక.

దిగి తాగిన చన్నీళ్ళకి పాపాయమ్మకి అసలే ఉన్న జలుబు ముదిరింది. వేడెక్కిన ఇంజనుకి చోక్ అక్కర్లేదని ధర్మారావుకి తెలుసు గానీ, కంగారులో మళ్ళీ లాగాడు. పొగ ఇంకా నల్లగా వచ్చింది. పాపాయమ్మ మళ్ళీ తుమ్మింది, మళ్ళీ ఒక్కటే. మళ్ళీ దిగారు, మళ్ళీ నీళ్ళు. మూడో విడతకి కార్బురేటర్‌లో పెట్రోలు పొంగి వీధంతా వాసన కొట్టింది. ఇంజను పలకడమే మానేసింది.

ఆ వాసనకి ఎదురింటి సరోజిని తలుపు తీసింది. వెనక సీట్లో కళ్ళనీళ్ళతో ముసలావిడ, పక్కన నీళ్ళ గ్లాసుతో సులోచన కనిపించారు. ఇంకేముంది, పాపాయమ్మకి ప్రాణం మీదికొచ్చిందనీ, ఆస్పత్రికి తీసుకెళ్దామంటే కారు కదలడం లేదనీ ఊరంతా పాకింది. లుంగీలు ఎగ్గట్టి జనం పరుగెత్తుకొచ్చారు. ఒకాయన పాపాయమ్మని ఎత్తి ఆటోలో వేయబోతే ఆవిడ చేతిసంచితో ఒక్కటిచ్చింది. తెలివొచ్చిందని అందరూ సంతోషించారు.

అంతలో మారుతి వచ్చి ఆగింది. "బావగారూ, ఇందులో ఎక్కండి, తెల్లారిపోతోంది," అన్నాడు కోటిలింగం, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే ధర్మారావుకి ఒళ్ళు మండింది. బరువు తగ్గించడానికి ఆడవాళ్ళని దింపి, వచ్చిన జనాన్ని తొయ్యమన్నాడు. వీధి చివర ఇంజను అందుకుంది. ఆడవాళ్ళని ఎక్కించుకోవడానికి ఆపితే మళ్ళీ తుమ్ము, మళ్ళీ నీళ్ళు. కనీసం తిరుగు ప్రయాణంలోనైనా సులోచన ఎక్కుతుందన్న ఆశతో, అతను వెనక్కి చూడకుండా చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు దాటించి హంసలదీవి తీరాన పాలకాయతిప్పలో నిలబెట్టాడు.

దిగితే ఇంజను ఆగిపోతుంది. అందుకని యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా, సముద్రాన్ని అద్దంలోంచే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి మిగతావాళ్ళు మారుతిలో వచ్చి స్నానాలు చేశారు. సులోచనకి అతన్ని చూస్తే జాలేసింది.

"వచ్చిందిగా పాపం. తిరిగి దీంట్లోనే వస్తాను, పందెం మీరే గెలిచారు లెండి," అంది.

ధర్మారావు కళ్ళు చెమర్చాయి. ఇంతదూరం వచ్చి నెత్తిన నీళ్ళైనా పడకపోతే ఎలా అంటూ, ఆవిడ చెంబుతో తెచ్చిన సముద్రపు నీళ్ళు కిటికీలోంచి అతని మాడు మీద పోసింది.

ధర్మారావు తుమ్మాడు.

తలుపు తీయబోయిన సులోచన చెయ్యి ఆగిపోయింది. అందరూ రెండోదాని కోసం చూశారు. ధర్మారావు ముక్కు నలుపుకున్నాడు, సూర్యుడి వైపు చూశాడు, ఎన్నడూ లేనిది మనసారా దణ్ణం పెట్టుకున్నాడు. రాలేదు.

"ఆపండి," అంది సులోచన.

ఆపిన కారు మళ్ళీ పలకలేదు. తాళాలు కోటిలింగం జేబులోకి వెళ్ళాయి. తిరుగు ప్రయాణంలో ధర్మారావు మారుతి వెనక సీట్లో, పాపాయమ్మకీ తడిబట్టల మూటకీ మధ్య కూర్చున్నాడు.

అవనిగడ్డ దాటాక రెండో తుమ్ము వచ్చింది.