తోమిన సామాను

కొల్లేరు పొంగి కైకలూరులోని పట్టాభిరామయ్య గోడౌన్‌లోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. ఇల్లు చాలనివాళ్ళు సామాను దాచుకోవడానికి గదులుగా విడదీసి అద్దెకిస్తున్న గోడౌను అది. నీళ్ళు వెళ్ళిపోయాయి గాని, బురద మాత్రం అద్దె లేకుండా ఉండిపోయింది.

ఆ ఉదయం ఆయన అనుకున్న పని ఒక్కటే. క్యాటరింగ్ దుర్గేష్ సామాను మధ్యాహ్నానికల్లా కడిగి ఆరబెట్టాలి. మర్నాడు ముదినేపల్లిలో అతనికి పెళ్ళి వంట ఉంది. సామాను బురదతో చూశాడంటే గది ఖాళీ చేస్తాడు, ఊరంతా చెబుతాడు. ఆ తర్వాత గోడౌన్‌లో ఎలుకలు తప్ప ఎవరూ చేరరు.

భార్య రత్నాంబ చింతపండు, ఇటుకపొడి పెట్టి ఇత్తడి గుండిగలు తోమింది. మట్టితోపాటు దుర్గేష్ పేరు రాసిన రంగు కూడా పోయింది. ఆయన షామియానా ఉతికి, ఆరడానికి రోడ్డు పక్కన గుంజలకు కట్టాడు. ఎర్రటి కుర్చీలు ఎండకు వెలిసిపోతాయని, కడిగి దాని నీడలో వరసగా వేశాడు. ఇక నడుం లేవనంది. గడప మీద కూలబడ్డాడు.

ఇల్లు కడిగి కడిగి అలసిపోయిన రైతు అబ్బాయిరాజు అటు వెళుతూ ఒక కుర్చీలో కూర్చున్నాడు. అతన్ని చూసి మరో ఇద్దరు. వరద రోజుల్లో షామియానా, కుర్చీలు, గుండిగలు ఒకచోట కనిపిస్తే జనానికి ఒకటే అర్థం. కాసేపటికి కుర్చీలన్నీ నిండిపోయాయి.

"వడ్డన ఎప్పుడండీ?" మర్యాదగా అడిగాడు అబ్బాయిరాజు.

"అయ్యో, భోజనాలు కాదండీ! ఆరబెట్టామంతే."

"పర్లేదండీ, ఆరనివ్వండి. కూర్చుంటాం."

రత్నాంబ భర్తను లోపలికి పిలిచింది. "తిండికని కూర్చున్నవాళ్ళని లేపితే పాపమండీ. అటక మీద నూక దించండి."

"ఇప్పుడే తోమిన గుండిగ కదే!"

"మళ్ళీ తోముకుందాం. ఈ వారమంతా ఇంకేం చేశాం గనక?"

ఉప్మా ఉడికింది. గుండిగ అడుగంతా మసిబారింది. సరిగ్గా అప్పుడే దుర్గేష్ ఆటో దిగాడు. పట్టాభిరామయ్య గబగబా వెళ్ళి మసి గుండిగకు అడ్డంగా నిలబడ్డాడు. దుర్గేష్ మాత్రం ఉసూరుమంటూ చివరి కుర్చీలో కూలబడి, ఆకు అందుకుని, నాలుగు ముద్దలు తిని, అప్పుడు చుట్టూ చూశాడు.

"సామాను తళతళలాడిపోతోందండీ! ఎవరిది? నాదెలాగూ మీ గదిలో నాని పాడైపోయుంటుంది. రేపటి పెళ్ళికి ఇదే మాట్లాడి పెట్టండి, మీకు పుణ్యముంటుంది."

పట్టాభిరామయ్య నోరు తెరిచేలోపే గరిటెతో వచ్చిన రత్నాంబే అందుకుంది.

"మీదేనండీ. కాకపోతే తోమాం."

దుర్గేష్ ఇంకో గరిటెడు ఉప్మా వేయించుకున్నాడు.