‘త’ వర్గానికి ఒక కుళాయి

నాగరికత కుళాయితో మొదలై మురికికాలువతో పూర్తవుతుందని పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆ లోటు తీర్చడానికి తొంభైల చివర్లో ప్రభుత్వం వారే పూనుకొని, జమ్మలమడుగు శివార్లలో ప్రొద్దుటూరు రోడ్డు పక్కన ‘నూతన నివాస వికాస ప్రాంతం’ ఒకటి ప్రకటించారు. అంతకుముందు అక్కడ వికాసం లేదు. ఉత్త జొన్నచేలు ఉండేవి.

హైదరాబాదు నుంచి సర్క్యులర్ వచ్చింది. ‘వికాస ప్రాంతమునందు నివసించబోవు ప్రతి వర్గమునకును విడివిడిగా, సమానముగా మౌలిక వసతులు కల్పించవలెను’ అని అందులో ఉంది. అది రాసిన పెద్దమనిషి మనసులో ఉన్నది అల్పాదాయ వర్గం, మధ్యాదాయ వర్గం వగైరా. (ఆయనది కోస్తా. ఆయన తప్పేమీ లేదు.) దాన్ని చదివి అమలు చేయాల్సినవాడు ప్రొద్దుటూరులో వికాస ప్రాంతాల ప్రత్యేక కార్యాలయం హెడ్‌గుమాస్తా గణపతి. కడప జిల్లాలో పుట్టి, కడప జిల్లాలో పెరిగి, కడప జిల్లాలోనే తల వెంట్రుకలు పోగొట్టుకున్న మనిషికి వర్గమంటే ఏమిటో హైదరాబాదు వాళ్లు చెప్పాలా? వర్గాలు రెండు. ఒకటి మేడాయన వర్గం, ఇంకొకటి మిద్దాయన వర్గం. ఒకాయనకు మేడ ఉంది, మరొకాయనకు మిద్దె ఉంది. ఇద్దరూ పార్టీలు మారుతుంటారు గానీ ఎప్పుడూ ఒకే పార్టీలో ఉండరు. ఒకాయన పచ్చకండువా తీస్తే రెండో ఆయన దాన్ని ఉతికించుకొని వేసుకుంటాడు.

“ఇన్నాళ్లకు పైవాళ్లకు మన బాధ అర్థమైందప్పా” అని గణపతి సర్క్యులర్‌ను కళ్లకద్దుకున్నాడు.

పని మొదలైంది. ఏది కట్టినా రెండు కట్టారు. నీళ్ల ట్యాంకులు రెండు, ఎదురెదురుగా, ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకుంటూ. రోడ్లు రెండు, పక్కపక్కనే, మధ్యలో గోడ. మురికికాలువలు కూడా రెండే, ఎందుకంటే ఒక వర్గం మురికి ఇంకొక వర్గం మురికిలో కలవడం పౌరుషానికి భంగం. ఒకటి తూర్పుకు పోవాలి, ఇంకొకటి పడమటికి పోవాలి. పడమటి వైపు ఎత్తు కాబట్టి ఆ కాలువ ఎటూ పోకుండా నిలబడి ఆలోచిస్తూ ఉండేది. శ్మశానాలు రెండూ మాత్రం గడువుకు ముందే పూర్తయ్యాయి (ఆ పనిలో కాంట్రాక్టర్లకు అనుభవముంది).

లాటరీ తీసి ప్లాట్లు పంచారు. వెంటనే జనం ఎవరి వైపు వాళ్లు సర్దుకొని మార్చుకున్నారు. చివరికి గోడ ఆగిపోయే చోట, రెండు రోడ్లకూ నట్టనడుమ ఒక ప్లాటు మిగిలింది. రేపు ఎప్పుడైనా గొడవ జరిగితే రెండువైపుల నుంచీ వచ్చేవన్నీ కలుసుకునే స్థలం అది. దాన్ని దేవకుమారి టీచరమ్మకు ఇచ్చి, అందరూ ఆమెను అభినందించారు.

దేవకుమారి మిషన్ బడిలో తెలుగు పండితురాలు. మేడాయన కొడుకులూ మిద్దాయన మనవలూ ఆమె దగ్గరే అక్షరాలు దిద్దారు. గుణింతం తప్పితే ఇద్దరికీ ఒకే బెత్తం. ఇక చివరి బెంచీలో నిద్రపోయేవాడెవడైనా సరే, ఆమె బల్ల దగ్గర నుంచి విసిరిన సుద్దముక్క సరిగ్గా వాడి నొసటికే తగిలేది. ఆ గురి గురించి జమ్మలమడుగులో ఇప్పటికీ నడివయసు మగవాళ్లు నొసలు తడుముకుంటూ చెబుతారు. ఆమె ఆ ఏడు రిటైరైంది. బడి తెరిచేలోగా క్వార్టర్స్ ఖాళీ చేయాలి. ఉన్నదంతా పెట్టి నడిమి ప్లాటులో ఇల్లు కట్టింది. ఇంటికి అన్నీ ఉన్నాయి, నీళ్లు తప్ప.

నీళ్ల అవసరం మామూలుది కాదు. ఆమె భర్త యోబు, రిటైరైన కాంపౌండరు, కిడ్నీలో రాయితో అవస్థపడుతున్నాడు. (ఈ జిల్లాలో నేలంతా నాపరాయే. మనిషి లోపల మాత్రం ఎందుకుండదు?) బిందెలకు బిందెలు తాగితే పడిపోతుంది, లేదంటే కోయాల్సి వస్తుంది అని డాక్టరు చెప్పాడు. నొప్పి లేచినప్పుడు యోబు మంచంపట్టె పట్టుకొని కీర్తనలు పాడేవాడు. ఇంటికి అటొక పైపు, ఇటొక పైపు. రెండింటిలోనూ నీళ్లు గలగలమంటుంటే మధ్యలో తన మనిషి గొంతు తడుపుకోవడానికి లేదు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చి, దేవకుమారి ప్రొద్దుటూరు బస్సెక్కింది.

గణపతి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, కుళాయి దరఖాస్తు తానే పూర్తిచేయడం మొదలుపెట్టాడు.

“మీదే వర్గం టీచరమ్మా?”

“నాకు వర్గమేందప్పా? మధ్యతరగతి అని రాసుకో.”

“తరగతి మీ బడిలోమ్మా. ఈడ వర్గం కావల్ల.”

“ఏ వర్గమూ లేదు.”

గణపతి కలం కింద పెట్టాడు. దేవుడు లేడనేవాళ్లను చూశాడు గానీ ఇలాంటి మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. “వర్గం లేకుంటే మనిషి ఎట్ల బతుకుతాడమ్మా? ఓటెట్ల ఏస్తాడు? సస్తే యాడ పూడుస్తారు?”

“రెండు పైపులుండాయి కదా. దేన్నుంచో ఒకదాన్నుంచి ఒక కుళాయి ఇయ్యప్పా. మా ఇంటాయన నొప్పితో మెలికలు తిరుగుతాండాడు.”

గణపతి గొంతు తగ్గించాడు. “మేడాయన పైపు నీళ్లు తాగినారనుకో, మిద్దాయన మనుషులకు కోపం. మిద్దాయన పైపు తాగినారనుకో, మేడాయన మనుషులకు కోపం. ఆ నీళ్లు తాగితే నీళ్లు తాగినట్టు కాదమ్మా, మాటిచ్చినట్టు.”

అది ఆమెకూ తెలుసు. ఒకరి నీళ్లు తాగి రెండోవాళ్ల పిల్లలకు ఎదురుపడటం ఆమె వల్ల కాదు. ఇటు ఎండ, అటు ప్రయాణం, ముందర దరఖాస్తులో ఖాళీ గడి. ముప్పై ఏళ్ల పాండిత్యం విసుక్కుంది.

“నాకు తెలిసిన వర్గాలు ఐదప్పా. క వర్గం, చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం. తటస్థురాలిని కాబట్టి త వర్గమని రాసుకో పో!”

గణపతి రాసుకున్నాడు. ముద్ర కూడా వేశాడు.

సర్క్యులర్ ప్రకారం ప్రతి వర్గానికీ సమాన వసతులు. త వర్గం రికార్డుకెక్కింది కాబట్టి దానికీ ఒక ట్యాంకు, ఒక రోడ్డు, ఒక కాలువ, ఒక శ్మశానం రావాలి. ప్రభుత్వం ఎంత ఆలస్యం చేసినా అన్యాయం చేయదు. మొదటి మంజూరు ఆ నెలలోనే వచ్చింది. శ్మశానం.

యోబు నడుము పట్టుకొని వెళ్లి చూసొచ్చాడు. “స్థలం బాగుండాదిమ్మే. గాలి శానా వస్తాండాది. ఇద్దరికి ఎకరా అంటే విశాలమే.”

“పైపు సంగతి ఏమన్నారు?”

పైపు సంగతి చెప్పడానికి గణపతే స్వయంగా వచ్చాడు. నిధులకు ఒక పద్ధతి ఉంది. ముందు ఇచ్చిన వసతి వాడుకలోకి వచ్చినట్టు ధ్రువపత్రం పంపితేనే తర్వాతి వసతికి నిధులు విడుదలవుతాయి. తాగని కుళాయిలకూ నడవని రోడ్లకూ ప్రజాధనం వృథా కాకూడదనే సదుద్దేశంతో పెట్టిన నియమం. త వర్గానికి ముందు ఇచ్చిన వసతి శ్మశానం. అది వాడుకలోకి రావాలి.

గణపతి మంచం వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు. “సారుకు... ఆరోగ్యం ఎట్లుండాది ఇప్పుడు?”

దేవకుమారి లేచిన తీరు చూసి గణపతి చెప్పులు చేత్తో పట్టుకొని రోడ్డు మీదకు వచ్చాడు (ఏ రోడ్డు మీదకన్నది ఆయనకు గుర్తులేదు). వీధి చివరికి పోయాక వెనక్కి తిరిగి, “తొందరేం లేదమ్మా! మార్చిలోపల అయితే సాలు! లేకుంటే ఫండ్సు ఎనక్కి పోతాయి!” అని ధైర్యం చెప్పాడు. యోబు పగలబడి నవ్వాడు. నవ్వితే నొప్పి లేచి కీర్తనలో పడ్డాడు. దేవకుమారి గుమ్మంలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఈలోగా కార్యాలయం నుంచి మాట బయటికి పొక్కింది. మూడో వర్గం దిగిందని జమ్మలమడుగు బస్టాండులో చెప్పుకున్నారు. పేరు ‘త’ అంట. “తాడిపత్రోళ్లయి ఉంటారప్పా” అన్నాడు టీకొట్టు సైదున్నీసా మొగుడు. అప్పుడే శ్మశానం కూడా కట్టించుకున్నారని తెలిసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. గొడవకు ముందే శ్మశానం సిద్ధం చేసుకునే వర్గం ఎంత గట్టిదై ఉండాలి! మేడాయన సుమోకు ముందొకటి, వెనకొకటి అదనంగా పెట్టించాడు. మిద్దాయన మిద్దె దిగడం మానేశాడు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కదా, ఇద్దరూ వేరువేరుగా మనిషిని పంపి, త వర్గం ఏ పార్టీలో చేరబోతోందో కనుక్కోమన్నారు. వచ్చినవాళ్లిద్దరూ టీచరమ్మను చూసి, నొసలు తడుముకొని, చేతులు కట్టుకొని నిలబడి వెళ్లిపోయారు. దాంతో ఆమె పలుకుబడి ఎంతటిదో ఊరికి అర్థమైంది.

పోలీసు శాఖలో ఇలాంటి వాటికి జాప్యం ఉండదు. వర్గమున్నాక నాయకుడుంటాడు, నాయకుడున్నాక ప్రాణభయముంటుంది, ప్రాణభయమున్నాక గన్‌మెన్లుండాలి. పులివెందుల నుంచి బదిలీ మీద వచ్చిన జమాల్ అనే కానిస్టేబులూ, అతని జతగాడూ తుపాకులు భుజాన వేసుకొని మర్నాడే గుమ్మంలో నిలబడ్డారు. నడినెత్తిన సూర్యుడున్నాడు. జమాల్ సెల్యూట్ కొట్టి మొదటి మాట అన్నాడు.

“అమ్మా, మంచినీళ్లు.”

దేవకుమారికి నవ్వొచ్చింది. ఆ ఏడాదిలో మొదటిసారి. “అవే లేవు నాయనా” అని ఉన్న సంగతంతా చెప్పింది. జమాల్ వాళ్లమ్మకూ రాళ్ల జబ్బే. ఆ కుర్రాడు రెండు బిందెలు మోటారుసైకిలుకు కట్టుకొని, దూరంగా రైతుల బోరు దగ్గరకు పోయి నింపుకొచ్చాడు. అప్పట్నుంచి రోజూ ఇద్దరూ తెచ్చేవాళ్లు, భుజాన తుపాకి, చంకలో బిందె. మేడాయన మనుషులు గానీ మిద్దాయన మనుషులు గానీ కిమ్మనలేదు. పైపులు వర్గాలవి, బిందె మాత్రం ప్రభుత్వానిది. యోబు కూర్చొని చెంబు మీద చెంబు తాగాడు. తాగుతుంటే దేవకుమారి పక్కనే నిలబడి, ఆ గొంతు గుటకలు కదలడం చూస్తూ దేవుణ్ని స్తుతించింది.

గణపతి తనిఖీకి వచ్చాడు. వీధి అవతలే నిలబడి బిందెలను చూసి, అక్కడికక్కడే ఫైలులో రాశాడు: ‘త వర్గమునకు సాయుధ రక్షణతో కూడిన నీటి సరఫరా కలదు. ఇట్టి సౌకర్యము మిగతా రెండు వర్గములకును లేదు. కనుక పైపు అనవసరము.’ సమానత్వం కోసం ఆ రెండు వర్గాల పైపులు కూడా తీసేయాలా అని హైదరాబాదుకు రాసి అడిగాడు. ఆ జవాబు ఇంకా రావాలి.

కథ ఇక్కడితో సుఖాంతమయ్యేదే. కానీ నెల తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గన్‌మెన్లను కొనసాగించాలంటే నెలనెలా సమీక్ష చేయాలట.

“మీకు ప్రాణభయం ఏమన్నా ఉండాదా అమ్మా?”

దేవకుమారి ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడరాదని చెప్పిన మనిషి. “ఉండాది” అంది.

“ఎవరితో?”

“దాహంతో.”

ఇన్‌స్పెక్టరు రాసుకోబోయి ఆగాడు. “దాహం ఏ వర్గమమ్మా?”

“దానికి వర్గం లేదు సార్.”

“వర్గం లేకుంటే కేసు యాడుండాది? పిల్లోళ్లను వాపసు తీసుకోవాల్సి వస్తాది.” ఆయన కూడా మంచివాడే. టోపీ తీసి, చెమట తుడుచుకొని, బిందెల వైపూ యోబు వైపూ చూశాడు. “ఒక్క రాయన్నా పడుంటే రాసుకుంటామమ్మా. రాయి గీయి ఏమన్నా పడిందా?”

“ఇంకా పడలేదు సార్, తాగుతానే ఉండా” అన్నాడు యోబు, అడిగింది తన రాయి గురించే అనుకొని.

“ఆ రాయి కాదప్పా. ఇంటిమీద పడే రాయి.” ఇన్‌స్పెక్టరు లేచాడు. “వచ్చే నెల మళ్లీ వస్తా.”

వచ్చే నెల ఆయన వచ్చేసరికి వంటగది కిటికీ అద్దం పగిలి ఉంది. నేలమీద నాపరాయి ముక్క ఉంది. ఇన్‌స్పెక్టరు తృప్తిగా రాసుకున్నాడు. అది తమ పని కాదని రెండు వర్గాల వాళ్లూ పిల్లల మీద ఒట్టేసి చెప్పారు (వాళ్లు నిజం చెప్పింది ఆ ఒక్కసారే కాబట్టి ఎవరూ నమ్మలేదు). జమాల్ మాత్రం ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, ఇల్లు కట్టగా మిగిలి ఇంటి వెనక పేర్చిన నాపరాళ్ల కుప్ప వైపు ఒకసారి చూసి, బిందె తీసుకొని బోరు దగ్గరకు వెళ్లాడు.

యోబు కిడ్నీలో రాయి ఆ వానాకాలంలోనే పడిపోయింది. ఇంటిమీద రాయి మాత్రం నెలకొకటి చొప్పున, ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజు, ఇప్పటికీ పడుతోంది. మొదట్లో యోబు విసిరేవాడు. ఆయనకు గురి లేదని ఇప్పుడు టీచరమ్మే విసురుతోంది.