చదివితే చెడతారు!

అయ్యలారా, అమ్మలారా! ఇన్సూరెన్స్ పాలసీ చదవడం ఆరోగ్యానికి హానికరం. నమ్మరా? అయితే మలేషియాలో సుంగై పెటాని ఊళ్లోని నరసమ్మను చూడండి!

గ్లవ్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు చేసి రిటైరైన ఈ మహాతల్లి, మొగుడు అప్పడికి మెడికల్ కార్డు, అదే ఆస్పత్రి ఖర్చుల ఇన్సూరెన్స్, తీసుకుని నాలుగేళ్లు. పాలసీ పుస్తకం ఇంటికొచ్చిన రోజే పసుపు రాసి, బొట్టు పెట్టి, పూజగదిలో పెట్టేసింది. నలభై పేజీల ఇంగ్లీషు! విప్పితే తలనొప్పి, ఆపైన అనుమానాలు. విప్పకపోతే దేవుడి పక్కనున్న కాగితానికి ఎదురేముంది?

అసలు ఫారం నింపిన వైభోగం వినాలి. శుక్రవారం, దీపం పెట్టే వేళ. ఏజెంటు పరాయివాడా? సాక్షాత్తు అప్పడి మేనల్లుడు పువనేశన్! మేనమామ షుగరు మాత్రలు మింగడం పదేళ్లుగా చూస్తున్నవాడే. అయినా పద్ధతిగా అడిగాడు.

"అత్తా, మావకి ఏటైనా జబ్బులున్నాయా?"

"ఒరే, దీపాలేళ జబ్బు పేరెత్తుతావేటిరా! ఏటీ లేవని రాసెయ్ లా!" అని కసిరింది నరసమ్మ.

రాసేశాడు. గుండె? లేదు. కిడ్నీ? లేదు. షుగరు? ఛీఛీ, లేనే లేదు! ఇరవై ఒక్క ప్రశ్నలకీ ఒకటే జవాబు. మలేషియా మొత్తంలో అంతటి ఆరోగ్యవంతుడు లేడని తేలింది. ఆ సంబరంలో అప్పడు రెండు గ్లాసుల పాయసం తాగాడు, మాత్ర వేసుకుని మరీ.

మొన్న అతని కాలి బొటనవేలికి పుండు పట్టింది. వెంటనే ఆపరేషన్ చేస్తే వేలు దక్కుతుందన్నారు డాక్టర్లు. నరసమ్మ పాలసీని కళ్లకద్దుకుని ప్రైవేటు ఆస్పత్రి కౌంటరులో పెట్టింది. మూడు రోజులు కూర్చోబెట్టి కంపెనీ జవాబిచ్చింది. షుగరు దాచారట, కార్డు చెల్లదట! రుజువుగా పదేళ్లనాటి రక్తపరీక్ష చీటీ కూడా జతపరిచారు. ఏడుస్తూ మొగుణ్ణి సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయింది. అప్పటికే వేలు నల్లబడిపోయింది, తీసేశారు.

ఇలాంటివి మళ్లీ జరగకూడదని ఆ కంపెనీవాళ్లే మన తెలుగు సంఘం హాల్లో అవగాహన తరగతి పెట్టారు. ఎంత దయ! ఇంగ్లీషు స్లైడ్లు, మీహూన్ సేమియా భోజనం. ఆఫీసరు తినగరన్ గారి ఉపదేశం ఒక్కటే, చదవకుండా సంతకం పెట్టవద్దని. చప్పట్లు! ఈలోగా ఒక కాగితం చేతులు మారింది, అందరూ సంతకాలు పెట్టారు. హాజరుపట్టీయో, కొత్త పాలసీ ఫారమో, ఎవడు చూశాడు!

నరసమ్మ మాత్రం లేచి నిలబడింది.

"మేం సదవలేదు బాబూ, తప్పే. నాలుగేళ్లు నెలనెలా కట్టించుకున్నారు గదా, మీరేటి సదివినారు? ఆ రగతం చీటీ అప్పుడు దొరకలేదేటి?"

తినగరన్ గారు భోజనాలు సిద్ధమన్నారు.

చూశారా? మన ఆచారమే కంపెనీకీ ఉంది! మనం కట్టినంతకాలం వాళ్లూ చదవరు. మనం అడిగిన పూటే అక్షరం పొల్లుపోకుండా చదువుతారు. ఆ చదువేదో ఫారం అందిన రోజే చదివి, కార్డు ఇవ్వం పొమ్మని ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఉంటే, నరసమ్మ పుండు పట్టిన మొదటి రోజే సర్కారు ఆస్పత్రికి పరిగెత్తేది. అప్పడి కాలికి ఇవాళ అయిదు వేళ్లూ ఉండేవి.